నోటికి ఏమీ ఇవ్వలేదు

ఫిబ్రవరి 26, 2025. ఉదయగిరి

శివరాత్రి. అత్తమ్మ పొద్దున లేచింది మొదలు పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు, మోకాళ్ళ నొప్పుల బిళ్ళలకు తప్ప. అవి మాత్రం రెండు పూటలా మింగింది. తెల్లవార్లూ గుళ్ళో కూర్చోవాలంటే మోకాళ్ళు మాట వినాలి కదా.

"బిళ్ళ మింగితే ఉపవాసం చెడదా అత్తమ్మా?" అని అడిగాను.

"మందుకు దోసం లేదు టీచరమ్మా. నీ పాఠాలు నీ బళ్ళో పిల్లకాయలకు చెప్పుకో, పో" అంది.

ఖాళీ కడుపున ఆ బిళ్ళలు పడితే కడుపు లోపలి పొరను తినేస్తాయని ఏటా తరగతిలో చెబుతాను. ఇంట్లో చెప్పలేదు. పెళ్ళయి వచ్చిన దగ్గర నుంచి ఈ ఇంట్లో నా మాటకున్న విలువ ఏమిటో నాకు తెలుసు కాబట్టి చెప్పలేదు. చెప్పినా వినేది కాదు.

ఫిబ్రవరి 27. ఆత్మకూరు

జాగారం ముగించుకుని వచ్చి, వాకిట్లో కాళ్ళు కడుక్కుంటూ కడుపు పట్టుకుని కూలబడింది. ఈయన గ్యాస్ అన్నారు. నేనూ గ్యాసే అనుకుని సోడా కలపబోయాను. పొట్ట మీద చెయ్యి వేస్తే చెక్కలా ఉంది. గ్లాసు కింద పెట్టి "కారు తియ్యండి" అన్నాను.

ఆత్మకూరులో మా బడికి దగ్గర్లోనే ఉంది ఈ ఆసుపత్రి. ఎక్స్‌రే చూడగానే డాక్టరు మొహం మారిపోయింది. కడుపులో పుండు పగిలి చిల్లు పడిందట. లోపలి ఆమ్లమంతా బయటికొచ్చి పేగుల మధ్య చేరిందట. ఇప్పుడే కోయాలన్నారు. ఈయనకు ఒక్క ముక్క అర్థం కాక నా వైపు చూశారు. నేను కాగితం మీద కడుపు బొమ్మ గీసి, చిల్లు ఎక్కడో చుక్క పెట్టి చూపించాను. బొమ్మ చక్కగా వచ్చింది. అంత గోలలో బొమ్మ చక్కగా వచ్చిందని నేను మెచ్చుకోవడమేమిటో.

చిల్లు మీద లోపలి కొవ్వు పొరనే తెచ్చి అతుకు వేసి కుట్టారు. సాయంత్రానికి బయటికి తెచ్చారు. ముక్కులో ఒక గొట్టం, పొట్ట పక్కన ఒక గొట్టం. ఇంటిల్లిపాదినీ గడగడలాడించే మనిషి దుప్పటి కింద ఇంతే ఉంది. జాలేసింది. నిజంగానే జాలేసింది.

ఫిబ్రవరి 28

డాక్టరు నన్ను పక్కకు పిలిచి మరీ చెప్పారు. "మీరు జీవశాస్త్రం టీచరు కాబట్టి మీకు చెబుతున్నాను మేడమ్. అతుకు పట్టుకోవాలి. నేను చెప్పేదాకా నోటికి చుక్క ఇవ్వకూడదు. అడుగుతారు, ఏడుస్తారు, తిడతారు. ఇవ్వకూడదు."

తలూపాను. ఆడబిడ్డ ప్రేమలత కలిగిరి నుంచి వచ్చి చూసి వెళ్ళింది. బస్సెక్కేముందు నా చేతులు పట్టుకుని, "నువ్వు ఉండావు గాబట్టి నాకు బెంగ లేదు వదినా" అంది. ఈయన ఉదయగిరిలో మిరప కోతలకు మనుషుల్ని మాట్లాడి ఉంచారు, రాత్రికి వెళ్ళక తప్పలేదు. కాపలా నాది.

మార్చి 1

ముక్కు గొట్టం తీశారు. నోటికి మాత్రం ఇంకా ఏమీ వద్దన్నారు.

పొద్దుటి నుంచి ఒకటే పాట, నీళ్ళు నీళ్ళు అని. మధ్యాహ్నానికి మజ్జిగ కావాలంది. కరెంటు పోయింది, గది ఉడికిపోతోంది. కింద కొట్లో మజ్జిగ ప్యాకెట్ కొనుక్కున్నాను, నాకోసం. తడిబట్టతో ఆమె పెదాలు తడిపాను. అంతే.

మా అమ్మ సంగతి ఎత్తింది. అది ఇక్కడ రాయను.

మార్చి 2

కాస్త వెచ్చగా ఉంది. ఆపరేషన్ తర్వాత మామూలేనంది నర్సు. పెదాలు తడపవచ్చని డాక్టరే అన్నారు. అన్నట్టే గుర్తు.

మార్చి 3

పొట్ట పక్కన గొట్టానికి తగిలించిన సంచిలో ద్రవం మబ్బు మబ్బుగా, తెల్లగా ఉంది. జ్వరం పెరిగింది. డాక్టరు సంచి ఎత్తి కిటికీ వెలుతురులో చూశారు.

"నోటికి ఏమైనా ఇచ్చారా మేడమ్?"

"లేదండీ."

"నీళ్ళు? కాఫీ?"

"నోటికి ఏమీ ఇవ్వలేదు."

ఆయన నమ్మేశారు. "ఇచ్చుంటే అతుకు ఊడిందనుకుని ఇప్పుడే నెల్లూరు పంపించేవాణ్ణి. మీరు ఇవ్వలేదంటున్నారు కాబట్టి లోపల మిగిలిన చీము అయ్యుంటుంది. ఈ ఒక్క రోజు చూద్దాం" అన్నారు.

అత్తమ్మ కళ్ళు తెరుచుకునే ఉంది. నా వైపే చూస్తోంది.

పెదాలు తడిపినప్పుడు రెండు చుక్కలు లోపలికి జారి ఉంటాయి. రెండు చుక్కలను ఇవ్వడం అనరు. ఒకవేళ అన్నా, రెండు చుక్కలకు ఊడిపోయే అతుకు మూడో రోజు ఉమ్మికే ఊడిపోతుంది. ఇది సైన్సు.

మార్చి 4. నెల్లూరు

పొద్దున సంచి నిండా ఆకుపచ్చటి పసరు. డాక్టరు చూసిన మరుక్షణం అంబులెన్సు పిలిచారు. నిన్నే పంపాల్సింది అని తనలో తాను అనుకున్నారు, నాకు వినబడింది.

సంగం దాటాక అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. ప్రేమతో కాదు, నొప్పికి పట్టుకుంది. గోళ్ళ గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. నిన్న నేను నిజం చెప్పి ఉంటే ఆమె నిన్ననే ఇక్కడ ఉండేది.

మార్చి 5

ఇక్కడి డాక్టరు పేరు సురేశ్‌బాబు. కోయకుండా, నోటిలోంచి గొట్టం పంపి కడుపు లోపల వైద్యం చేస్తారట. నీలం రంగు నీళ్ళు ఒక గుక్క మింగించారు. కాసేపటికి పొట్ట పక్కన గొట్టంలోంచి నీలం కారింది. ఇంక దాచేదేముంది, అతుకు ఊడింది. కబురంది వచ్చిన ఈయన గోడ వైపు తిరిగి నిలబడిపోయారు. భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నారని తెలిసింది. తల్లి ముందు ఈయన ఏడవగా నేను చూడలేదు.

"మళ్ళీ కోయొచ్చు. కానీ లోపలంతా వాచి, చీము పట్టి ఉంది. కుట్టు వేస్తే తడి కాగితంలా చిరుగుతుంది. ఈ వయసులో రెండో ఆపరేషన్ తట్టుకోలేరు" అన్నారు సురేశ్‌బాబు. "లోపలి నుంచి స్టెంట్ పెట్టి చూద్దాం. సన్న తీగెతో అల్లిన గొట్టం, పైన పొర కప్పి ఉంటుంది. మడిచి పంపితే లోపలికి పోయి విచ్చుకుంటుంది. చిల్లుకు అడ్డంగా కూర్చుంటుంది. తిన్నది దాని లోపలి నుంచి కిందికి పోతుంది, చిల్లు దాని చాటున మానుకుంటుంది. నాలుగైదు వారాల తర్వాత తీసేస్తాం."

"మానకపోతే?" అన్నారు ఈయన.

ఆయన కాగితాలు తిరగేసి, "ఆపరేషన్ తర్వాత నోటితో ఏమైనా తీసుకున్నారా? ఇందులో లేదని రాసుంది" అన్నారు.

నేను నోరు తెరిచాను. ఏం చెప్పడానికి తెరిచానో నాకే తెలియదు. అంతలో మంచం మీంచి గొంతు వచ్చింది.

"తాగినాను అయ్యా. మజ్జిగ. ఈ పిల్ల కండ్లు మూసుకుని కునుకు తీస్తా ఉంటే నేనే తీసుకుని తాగినాను."

ఈయన తిరిగి చూసిన చూపు! "ఏంది అమ్మా నువ్వు! డాక్టరు అన్నిసార్లు చెప్పినా! చిన్న పిల్లవా?" అని అరిచారు. ఆమె కళ్ళు మూసుకుంది. నేను నిలబడే ఉన్నాను. ఆమె మజ్జిగ అందుకోలేదు, అందుకునే ఓపిక ఆమెకు లేదు, పక్కకు తిరగడానికే ఇద్దరు పట్టాలి. ఈ సంగతి ఎవరికీ తట్టలేదు. నేను గుర్తు చేయలేదు.

సరే, రాస్తున్నాను. చుక్కలు కావు. మజ్జిగే. గ్లాసులో పోసి ఇచ్చాను. జాలేసి ఇచ్చాను. దప్పికతో చచ్చిపోతున్న మనిషికి ఇవ్వలేదన్న పాపం నాకెందుకని ఇచ్చాను.

మార్చి 6

స్టెంట్ పెట్టారు. లోపలంతా తెర మీద చూస్తూ పెట్టారట. కుదిరిందన్నారు. ముక్కులోంచి ఇంకో సన్నటి గొట్టం, స్టెంట్ దాటి పేగులోకి. అందులోంచి పాలలాంటి ఆహారం చుక్క చుక్కగా ఎక్కిస్తున్నారు.

వరండాలో సురేశ్‌బాబు ఒంటరిగా దొరికారు. అడిగేశాను. "మజ్జిగ తాగడం వల్లే ఊడిందా సార్?"

"ఆ బిళ్ళలు ఎన్నేళ్ళుగా మింగుతున్నారో, కడుపు అంచులు అసలే బాగా లేవు. తాగకపోయినా ఊడొచ్చు. తాగినందుకే అని చెప్పలేను. కాదనీ చెప్పలేను."

తాగకపోయినా ఊడొచ్చు.

మార్చి 7

తాగకపోయినా ఊడొచ్చు. డాక్టరే అన్నారు.

మార్చి 10

జ్వరం దిగింది. మళ్ళీ నీలం నీళ్ళు మింగించారు. ఈసారి గొట్టంలోకి రాలేదు. నీళ్ళలాంటివి కొద్దికొద్దిగా నోటితో ఇవ్వమన్నారు. నర్సు కొబ్బరినీళ్ళు తెచ్చింది. అత్తమ్మ మూతి బిగించుకుంది.

"మా కోడలే ఇయ్యాల" అంది.

నర్సు మురిసిపోయింది. ఎంత ప్రేమ చూడండి మేడమ్ అంది. చెంచాతో నోట్లో పోస్తుంటే అత్తమ్మ నా కళ్ళలోకి చూస్తూ మింగింది. ఒక చెంచా గురి తప్పి మెడ మీద పోశాను. ఆమే కొంగుతో తుడుచుకుంది.

మార్చి 13

ఇవాళా నేనిస్తేనే తాగింది. కళ్ళు తిప్పకుండా చూస్తుంది. ఆ చూపులో ఏముందో పట్టుకోలేకపోతున్నాను. తిట్టినా బాగుండేది.

మార్చి 17

పదో తరగతి పరీక్షలు మొదలు. ఆత్మకూరులో ఇన్విజిలేషన్ పడింది. సెలవు అడగవచ్చు, అడగలేదు. ఆ మంచం దగ్గర కూర్చోవడం కన్నా పిల్లల మధ్య తిరగడం హాయి. ఫోను బయటే పెట్టించేశారు. పరీక్ష అయ్యాక తీసి చూస్తే ఈయన ఫోన్లు వరసగా.

అత్తమ్మకు వాంతులు. స్టెంట్ జారిందట. పేగు వైపు దిగి చిల్లు సగం బయటపడింది. బస్సులో నెల్లూరు చేరేదాకా కిటికీ ఊచ పట్టుకుని కూర్చున్నాను. పోతుంది అనుకున్నాను. పోతే ఇక ఎవరికీ తెలియదు అని కూడా అనుకున్నాను. నా మనసులో అనుకున్నదే, పక్కవాళ్ళు అన్నది కాదు. పక్క సీట్లో కూర్చున్న సోమశిల ఊరి ఆమె చేపల బుట్ట జరుపుకుని, "ఏమ్మా, కండ్లు తిరగతా ఉండాయా?" అని అడిగింది. లేదన్నాను. అబద్ధం చెప్పడం అలవాటైపోయింది.

నేను వెళ్ళేసరికి మళ్ళీ లోపలికి గొట్టం పంపి, స్టెంట్‌ను పైకి లాగి, జారకుండా క్లిప్పులు వేశారు. మళ్ళీ జారితే ఏమీ చెప్పలేమన్నారు సురేశ్‌బాబు. అత్తమ్మ నన్ను చూసి గొంతు పెగల్చుకుని, "పరీక్షలు బాగా రాసినారా పిల్లకాయలు?" అంది. బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను.

మార్చి 22

ఏమీ లేదు. జారలేదు.

మార్చి 30. ఉగాది

ఈయన ఉదయగిరి వెళ్ళారు. ఆసుపత్రిలో నేనూ ఆమే. ఆమె నిద్రపోతోంది. రాసేస్తాను. నేను తప్ప చదివేవాళ్ళు లేరు, నాకైనా నిజం చెప్పాలి.

నాలుగేళ్ళ కిందట కొండాపురంలో మా అమ్మకు జబ్బు ముదిరింది. నన్ను చూడాలని కబురు పెట్టింది. ఇంట్లో కోతలు. "కోతలు కానీ, పోదువులే. మీ అమ్మేం ఇప్పుడే పోదు" అంది అత్తమ్మ. ఈయన తల వంచుకున్నారు. నేనూ ఉండిపోయాను, కూలీలకు వండిపెట్టాను. నేను వెళ్ళేసరికి అమ్మను వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. పోయేముందు నా చేత్తో నీళ్ళు పోయించమని అడిగిందట. అప్పటి నుంచి అత్తమ్మతో నవ్వుతూనే ఉన్నాను. ఎవరికీ ఒక్క మాట అనలేదు. బీరువాలో చీర మడిచి పెట్టినట్టు దాచాను.

మార్చి ఒకటో తేదీ మధ్యాహ్నం కరెంటు పోయిన గదిలో అత్తమ్మ అన్న మాట ఇది: "అదే మీ అమ్మయితే ఇట్టా నోరు ఎండగడతావా?"

మా అమ్మ. ఆ నోటితో మా అమ్మ మాట.

అప్పటికే మజ్జిగ ప్యాకెట్ కొన్నాను, అది మాత్రం నిజంగా నాకోసమే. పళ్ళతో చింపి, గ్లాసులో పోసి, ఆమె తల కింద చెయ్యి పెట్టి ఎత్తి, నోటికి ఆనించాను. జాలితో ఇచ్చానని పైన రాశాను. జాలి లేదు. పాపభయం లేదు. "తాగు. తాగి చావు" అన్నాను. మెల్లగా కాదు, గట్టిగానే అన్నాను.

ఆమె నా మొహంలోకి ఒకసారి చూసి, మొత్తం తాగేసింది.

ఏం చేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. బొమ్మ గీసి మొగుడికి చెప్పినదాన్ని. తెలియక చేసినవాళ్ళకు ఒక దారి ఉంటుంది, నాకది లేదు. ఆమె చచ్చిపోవాలనే ఇచ్చాను. ఆ ఒక్క నిమిషం అయితేనేం, అదే నిజం.

ఏప్రిల్ 7

స్టెంట్ తీశారు. తెర మీద మాకూ చూపించారు. చిల్లు ఉన్న చోట గులాబీ రంగు మచ్చ ఒకటి మిగిలింది, అంతకు మించి ఏమీ లేదు. "మానింది. పూర్తిగా మానింది" అన్నారు సురేశ్‌బాబు. ఇక ఆ నొప్పి బిళ్ళల జోలికి పోవద్దని గట్టిగా చెప్పారు. ఈయన డాక్టరు చేతులు రెండూ పట్టుకున్నారు. తర్వాత నన్ను పట్టుకుని, అందరూ చూస్తుండగానే, "నువ్వు లేకపోతే అమ్మ బతికేది కాదు" అన్నారు.

ఆ మాటకు ఏం సమాధానం చెప్పాలి? నేల పగిలితే దూరిపోదామనిపించింది. ఇంటికి వెళ్ళగానే చెప్పేస్తాను.

ఏప్రిల్ 10. ఉదయగిరి

చెప్పలేదు. ఆమె మెత్తటి అన్నం తింటోంది. ఇంకాస్త కోలుకోనీ.

ఏప్రిల్ 12

ఇవాళా చెప్పలేదు. కోలుకోవడం సాకు అని నాకు తెలుసు.

ఏప్రిల్ 13

ప్రేమలత మొగుణ్ణి తీసుకుని కలిగిరి నుంచి వచ్చింది. చుట్టుపక్కల ఆడవాళ్ళూ చేరారు. అందరికీ అత్తమ్మ మజ్జిగ కథే వేడుక. "కడుపు కోసి కుట్టినా జిహ్వ చంపుకోలేదు మా యమ్మ" అని ప్రేమలత అంటే అందరూ నవ్వారు. పక్కింటి వరదమ్మ పిన్ని, "అక్కా, ఇంకో లోటా తెమ్మంటావా?" అని ఎగతాళి చేసింది. ఈయన కూడా నవ్వి, "కోడలు రెప్ప వాలిస్తే చాలు, ఈమెతో కష్టం" అన్నారు. అత్తమ్మ తల వంచుకుని తమలపాకు ఈనెలు తీస్తోంది. ఆమె తల వంచుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఊళ్ళో మాలకొండమ్మంటే పంచాయతీ చెప్పే మనిషి.

ఇక ఆగలేకపోయాను.

"ఆమె తాగలేదు. నేనే ఇచ్చాను. నేను నిద్రపోలేదు. తెలిసే ఇచ్చాను" అన్నాను.

ఈయన నా వైపు చూశారు, ఆ చూపు మారుతోంది, ఇంకొక్క క్షణం ఉంటే మారిపోయేది. అత్తమ్మ తల ఎత్తింది.

"ఏంది నీ బడాయి? నా తప్పు నీ నెత్తిన ఏసుకుంటావా? ఆసుపత్రిలో నిద్రల్లేక దీనికి మతి చెడినాది. తాగింది నేను. నా కొడుకు నన్ను అంటా ఉంటే చూళ్ళేక ఇట్టా చెప్తా ఉండాది."

"కాదు అత్తమ్మా..."

"నోరు మూయి. నాకు తెలవదా నేనేం చేసినానో?"

అంతే, అయిపోయింది. ప్రేమలత లేచి వచ్చి నన్ను వాటేసుకుని ఏడ్చింది. "కడుపున పుట్టిన దాన్ని, నేను చెయ్యలా వదినా ఇట్టా!" అంది. వరదమ్మ పిన్ని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఇలాంటి కోడలు ఏ ఇంట ఉండాది చెప్పు అంది. నేను ఎంత గట్టిగా కాదంటే అంత మంచిదాన్ని అయిపోయాను. నా నోటితో నేను చెప్పిన నిజాన్ని ఒక్కరంటే ఒక్కరు నమ్మలేదు. ఈయన మాత్రం కాసేపు నన్నే చూస్తూ కూర్చుని, తర్వాత లేచి వెళ్ళి అందరికీ కాఫీ చెప్పారు.

ఏప్రిల్ 14

బడికి సెలవు. మధ్యాహ్నం ఈయన పొలానికి వెళ్ళాక, వరండాలో అత్తమ్మకు తల దువ్వుతూ అడిగాను.

"ఎందుకలా చెప్పారు అత్తమ్మా?"

"ఎట్టా?"

"మీరే తాగానని."

"నేనే గదా తాగింది. నీ గొంతులోకి పోయినాదా?"

"ఇచ్చింది నేను. ఇస్తూ నేనన్న మాట..."

"వినబడినాది. చెడింది కడుపు, చెవులు కాదు."

దువ్వెన ఆగిపోయింది. ఆమె మెడ వెనక్కి తిప్పకుండానే, "దువ్వు" అంది. దువ్వాను.

"విని కూడా ఎందుకు తాగారు?"

"దప్పి. అంత కోపంలో ఉండావు, వద్దంటే మళ్ళా ఇస్తావో ఇయ్యవో అని తాగినా. అంతకు మించి ఏమీ లేదు. నువ్వేమో పుస్తకాల్లో మాదిరి ఏందేందో అనుకుంటావు."

"నిన్న నన్ను చెప్పనివ్వాల్సింది."

ఎదురుగా కొండ మీద ఎండ మండుతోంది. ఎవరో ట్రాక్టరు నేర్చుకుంటున్నట్టున్నారు, ఆగి ఆగి చప్పుడు వస్తోంది.

"చెప్పేస్తే నీకు తేలికైపోతాది" అంది చివరికి. "వాడు రెండు దినాలు అరుస్తాడు, నువ్వు ఏడుస్తావు, అయిపోతాది. ఆమాటకొస్తే మీ అమ్మ సంగతి నేనెవరికన్నా చెప్పుకున్నానా? పోనీకుండా ఆపింది నేనే. ఆమె నీళ్ళకు అడిగిందని చెప్పినారు గదా, ఆ పొద్దు నుంచీ నేను గమ్మున మోస్తా ఉండా. నువ్వూ మోయి."

నాలుగేళ్ళుగా ఆమెకు అది గుర్తే లేదనుకున్నాను. గుర్తు లేదన్న కోపంతోనే ఆ గ్లాసు ఎత్తాను.

"నేను పోయినాక చెప్పుకో" అంది. "ఎవరికి చెప్పుకుంటావో చెప్పుకో. అప్పుడు అడ్డం పడేదానికి నేను ఉండను గదా."

జడ అల్లి ముడి వేశాను. ఆమె లేవబోతే చెయ్యి ఇచ్చాను, పట్టుకుని లేచింది. లోపల మంచం మీద పడుకోబెట్టి, మందు వేసి, ఫ్యాను తిప్పి వచ్చి ఇది రాస్తున్నాను.

నా గుండె మీది బరువు దిగాలంటే ఆమె పోవాలి. అంటే దిగాలని కోరుకున్నప్పుడల్లా ఆసుపత్రిలో కోరుకున్నదే మళ్ళీ కోరుకోవాలి. ఇది తెలిసే అన్నదా, మాటవరసకు అన్నదా అని ఇందాకటి నుంచి ఆలోచిస్తున్నాను. మాలకొండమ్మ మాటవరసకు ఏదీ అనదు.

ఆమె నూరేళ్ళు బతకాలి. ఇది మాత్రం నిజంగానే రాస్తున్నాను.